రిమార్కుల గడి

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ ఆఫీసు.
తలుపు తీయకముందే తుమ్ము.
"రా జరీనా, నీ డబ్బా మళ్లీ మొండికేసింది"
అన్నాడు గుమాస్తా చెంచురామయ్య గారు
కళ్లజోడు నుదుటి మీదికి తోసి.

పోయిన మార్చిలో దాన్ని ఎక్కించింది నేనే.
యార్డు నిండి టిక్కీలు రోడ్డెక్కిన రోజులు.
నెట్టు నత్తనడక.
నల్లటి తెర మీద తెల్లటి వరసలు
ఒకదాని కింద ఒకటి దిగుతుంటే
ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని
కాటా ముల్లు చూసినట్టు చూశాడు.
"ఏం దిగుతోంది?"
"కంటైనర్లండీ."
"ఓడలకెక్కే డబ్బాలా?"
"కాదు, మీ గదుల్లాంటివి.
ఒకదాంట్లో లెక్కల ప్రోగ్రాం,
ఇంకోదాంట్లో దాని డేటా.
దీని ఘాటు దానికి అంటదు."
కాసేపు గోడ వైపు చూశాడు.
గోడ అవతల ఏదో గురగురమంటోంది.
"కంప్రెసర్ మాత్రం ఒకటే, అంతేగా?"

ఇంజనీరింగులో ఒక సెమిస్టరంతా చెప్పినా
మా బ్యాచికి ఎక్కని ముక్క.

ఇవాళ తీసెయ్యమంటున్నారు.
ఓనరు గారి బావమరిది
వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ కొన్నాడట,
దానికి డిస్కులో చోటు లేదట.

తీసెయ్యడం ఒక్క లైను.
పాస్‌వర్డ్ కొట్టాను. నిజంగానా అంటే అవునన్నాను.
అరనిమిషం.
"అయిపోయిందండీ" అని డిస్కు చూద్దును గదా,
చోటు పెద్దగా కదల్లేదు.

ఆయన నవ్వలేదు.
"సరుకెత్తితే గది ఖాళీ అయినట్టు కాదమ్మా.
తేజా కాయ దించిన గదిలో
వారం ఆగి బెల్లం పెట్టు,
బెల్లం కారమెక్కుద్ది.
చీపురు తెచ్చుకున్నావా?"

చీపురు ఉంది.
ఆ ఫోల్డరంతా ఒక్క మాటతో పోతుంది.
మాట సగం కొట్టి ఆగాను.
పాత పొరల కింద ఒక వాల్యూమ్,
పేరు లేదు దానికి,
అంకెలూ అక్షరాలూ కలిపిన పొడుగాటి తోక.
ఊరికే తెరిచాను.

లాట్ నంబరు, టిక్కీలు, గది, వరస.
చివర్న రిమార్కులు.
ఆ గడి పెట్టింది నేనే,
ఎవరూ నింపరని తెలిసే పెట్టాను.

నిండా రాసి ఉంది.

412. కోటిరత్నం, పెదకూరపాడు, అరవై టిక్కీలు.
ధర పెరుగుద్ది ఆగమన్నా. పెరగలా.
588. నాసర్‌వలి, క్రోసూరు.
పిల్ల ఆపరేషనని ముప్పై అమ్మించా.
నాలుగు రోజులకే పదిహేనొందలు పెరిగింది.
ఆ మాట అతనికి చెప్పలా.
631. దావీదు. ఫోనెత్తట్లేదు.
631. ఇంకా ఎత్తట్లేదు.
631. అద్దె అడగొద్దు.

రెండొందల పైచిలుకు.
చాలావాటి పక్కన టైము
రాత్రి పది, పదకొండు.

"కొత్తదాంట్లోకి ఎక్కించనా?"
"చూశాను. అందులో ఆ గడి లేదు."
"పోనీ పెన్‌డ్రైవ్‌లో?"
ఆయన బీరువా తీశాడు.
ఎర్రట్ట పొడుగు పుస్తకం,
మూలలు ఎలకలు కొట్టింది.
"నువ్వు చదువు. నేను రాసుకుంటా."

చదివాను.
రెండు టీలు, ఒక కరెంటు కోత.
జనరేటరు మోతలో గొంతు పెంచి
ఎవరెవరి నష్టాలో
హాజరు పిలిచినట్టు పిలిచాను.
దావీదు దగ్గర పెన్ను ఆగింది.
ఇంకు అయిపోయిందేమో అనుకున్నా.
కాదు, మళ్లీ రాసింది.

మూడున్నరకి పుస్తకం మూసి
"ఇక ఊడ్చెయ్" అన్నాడు.

ఊడ్చాను.
"నలభై ఒక్క జీబీ ఖాళీ అయిందండీ."
"అంటే ఎంత?"
"నలభై ఒకటి."
"టిక్కీల్లో చెప్పవమ్మా."

చెప్పలేకపోయాను.

మూడొంతెనల కింద, ట్రాఫిక్‌లో,
హెల్మెట్ లోపల మళ్లీ తుమ్ము.
ఆ కీబోర్డు సందుల్లో కారం,
వేళ్లకి అంటుకొచ్చినట్టుంది.